నల్లరాయి దొరికితే: ఉల్క అవునో కాదో విజయనగరం, శ్రీకాకుళం నేలలో తేల్చుకోవడం

గరివిడి చుట్టుపక్కల పొలంలో నల్లగా, చేతికి బరువుగా తగిలే రాయి దొరికింది. అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది. ఇంటర్నెట్‌లో వెతికితే నలుపు, బరువు, అయస్కాంతం మూడూ కుదిరితే ఉల్కే అన్నట్టు రాసి ఉంటుంది. రాళ్ళే లేని ఎడారి ఇసుకలో ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. మన దగ్గర చెల్లదు. ఇక్కడి నేలలోనూ, ఇక్కడి కర్మాగారాల గుట్టల్లోనూ ఆ మూడు లక్షణాలున్న రాళ్ళు బళ్ళకొద్దీ ఉన్నాయి. అందుకే ఈ జిల్లాల్లో పరీక్షల వరస మార్చుకోవాలి. రాయిని పాడుచేయనివి, "కాదు" అని త్వరగా చెప్పేవి ముందు చేయాలి. కోయడం, అరగదీయడం, రసాయనాలు పూయడం అన్నిటికన్నా చివర.

ఇంత శ్రమ ఎందుకంటే, మన ప్రాంతంలో ఉల్క పడిన దాఖలా ఉంది. 1870 జనవరిలో పార్వతీపురం దగ్గర ఒక ఇనుప ఉల్క పడింది. రికార్డుల్లో దాని పేరు నెడగొల్ల, బరువు దాదాపు నాలుగున్నర కిలోలు. పడుతుండగా చూసి సేకరించే ఉల్కల్లో ఇనుపవి నూటికి ఐదు మాత్రమే. పైగా ఇది తెలిసిన ఇనుప ఉల్కల సమూహాలు వేటిలోనూ ఇమడలేదు. పొరుగున ఒడిశాలోని కేంద్రపడా జిల్లాలో 2003 సెప్టెంబరు 27న రాతి ఉల్క పడింది. కాబట్టి అవకాశం తక్కువే కానీ, లేకపోలేదు.

ముందు మన రాళ్ళను గుర్తుపట్టండి

ఎన్ని పరీక్షలు చేసినా ఇంతగా పనికొచ్చేది మరొకటి లేదు.

మొదటిది మాంగనీసు రాయి. గర్భాం, గరివిడి, చీపురుపల్లి, కోడూరు వైపు వందేళ్ళకు పైగా మాంగనీసు తవ్వారు. కోడూరు పేరుమీదే కోడూరైట్ అనే శిలకు ఆ పేరొచ్చింది. ఇక్కడి ఖనిజం నల్లగా ఉంటుంది, సాంద్రత (అంతే పరిమాణం నీటికంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) 4 దాటుతుంది, కొన్నిసార్లు ద్రాక్షగుత్తి ఆకారంలో నున్నటి బుడిపెలు ఉంటాయి. మెత్తటి రకమైతే వేళ్ళకు మసి అంటుతుంది. మామూలు మాంగనీసు ఖనిజాలు అయస్కాంతానికి పెద్దగా అతుక్కోవు. కానీ గరివిడి ప్రాంతంలో వ్రెడెన్‌బర్గైట్ అనే రకం ఉంది. అది గట్టిగా అతుక్కుంటుంది. నలుపు, బరువు, అయస్కాంతం మూడూ సరిగ్గా కుదిరినా అది అచ్చంగా ఈ నేల రాయే.

రెండోది చిట్టెం, అదే స్లాగ్. ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారాలున్న చోట గుట్టలుగా పోస్తారు. అక్కడి నుంచి రోడ్ల మెరకకు, పునాదులకు, పొలం గట్లకు చేరుతుంది. పాత కమ్మరి కొలిముల దగ్గర కూడా ముద్దలుగా దొరుకుతుంది. నల్లగానో, ముదురాకుపచ్చగానో గాజు మెరుపుతో ఉంటుంది. పగలగొడితే లోపల గాలిబుడగల గుంటలు కనిపిస్తాయి. కొన్ని ముద్దల్లో నిజమైన లోహపు గుండ్లు చిక్కుకుని ఉంటాయి. అరగదీసి చూసినవాళ్ళు "లోహం మెరుస్తోంది" అని నమ్మేది వాటిని చూసే.

మూడోది పాత ఇనుము: రైలు పట్టాల దగ్గరి ముక్కలు, మిల్లుల్లో వాడే ఇనుప గుండ్లు, అరిగిపోయిన నాగటి కర్రు, తీరంలో పడవల తుప్పుముద్దలు. దశాబ్దాలు మట్టిలో ఉంటే ఇవి ఆకారం పోగొట్టుకుంటాయి.

కొండరాళ్ళ సంగతి తేలిక. ఖోండలైట్‌లో ఎర్రటి గార్నెట్ గింజలు, చారలు కంటికి కనిపిస్తాయి. చార్నోకైట్ ముదురు రంగులో ఉన్నా, పగిలిన చోట గాజులాంటి క్వార్ట్జ్ మెరుస్తుంది. టెక్కలి వైపు క్వారీల్లో ఆ క్వార్ట్జ్ నీలిగా కూడా ఉంటుంది. క్వార్ట్జ్ గింజలు గాని, అభ్రకం రేకులు గాని, చారలు గాని కనిపిస్తే అక్కడితో ఆపేయండి. కొండల మీద లాటరైట్ నేలల్లో దొరికే గోధుమరంగు గుండ్రాళ్ళు ఇనుపధాతువే గాని ఉల్కలు కావు.

నున్నగా సానపట్టి, ఒకవైపు పదునుగా ఉన్న రాతిని ఊళ్ళలో పిడుగురాయి అంటారు. అది కొత్తరాతియుగం మనుషుల గొడ్డలి కావచ్చు. ఉల్క కాకపోయినా అది విలువైనదే. దాన్ని అరగదీయకుండా పురావస్తు శాఖకు చూపించండి.

పడటం చూసి ఉంటే

నిప్పుబంతి కనిపించిన రాత్రి రాయికంటే ముందు సమాచారం సేకరించాలి. మీరు నిలబడ్డ చోటే ఉండి, ఫోన్లో సమయం చూసి రాసుకోండి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆరిపోయిందో తాటిచెట్టు, సెల్ టవర్, గుడి శిఖరం లాంటి కదలని గుర్తులతో చెప్పండి. ఎత్తు కొలవాలంటే చేయి పూర్తిగా చాచి పిడికిలి పట్టండి. ఒక పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. ఆరిపోయాక ఉరుము లాంటి శబ్దం వచ్చిందా, ఎన్ని సెకన్లకు వచ్చింది అన్నది చాలా ముఖ్యం. శబ్దం మూడు సెకన్లకు సుమారు కిలోమీటరు నడుస్తుంది. రెండు నిమిషాల తర్వాత వినిపిస్తే ఆ చప్పుడు నలభై కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిందన్నమాట.

"మా కొండ వెనకే పడింది" అన్నది అందరూ నిజాయితీగా చెప్పే మాట. కానీ దాదాపు ఎప్పుడూ అది కంటికి కలిగే భ్రమే. వెలుగు ఆరిపోయేసరికి రాయి ఇంకా ఇరవై, ముప్పై కిలోమీటర్ల ఎత్తున ఉండవచ్చు. దిగంతానికి దగ్గరగా కనిపించిందంటే అది వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, ఒడిశా మీదో బంగాళాఖాతం మీదో ఉండే అవకాశమే ఎక్కువ. శ్రీకాకుళంలో ఒకరు, సాలూరులో ఒకరు, ఇచ్ఛాపురంలో ఒకరు చెప్పిన దిక్కులు కలిపితేనే అసలు దారి తేలుతుంది.

చివరి ప్రయాణంలో రాయి చల్లటి గాలిలోంచి మామూలు రాయిలాగే పడుతుంది. నేలకు చేరేసరికి చల్లగానో, గోరువెచ్చగానో ఉంటుంది. "మండుతూ దొరికింది, గడ్డి కాలిపోయింది" అంటే ఆ రాయిని ముందుగా అనుమానించండి.

కొత్తగా పడిన రాయి దొరికితే ఈ వరస తప్పకండి. కదపకముందే ఫోటో తీయండి, పక్కన పెన్ను గాని నాణెం గాని పెట్టండి. ఫోన్లో లొకేషన్ సేవ్ చేయండి. ఒట్టిచేత్తో తాకకుండా శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌తో ఎత్తి, కొత్త జిప్ కవర్లో పెట్టండి. కడగొద్దు. ఆకాశం నుంచి పడినదని భక్తితో పసుపు, కుంకుమ, నూనె పెట్టాలనిపిస్తుంది. దయచేసి రాయికి పెట్టకండి, పడిన చోట నేలకు దణ్ణం పెట్టుకోండి. నూనె లోపలికి ఇంకితే అందులోని సేంద్రియ పదార్థాల పరీక్ష వృథా అయిపోతుంది. 2017 జూన్ 6న జైపూర్ దగ్గర ముకుంద్‌పురలో పడిన ఉల్క అలాంటి కర్బన జాతిదే. మన తీరపు తేమలో లోహమున్న రాయి వానాకాలం ఒక్కదానికే తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. కాబట్టి గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.

కంటితో చూడటం

పొద్దున ఏటవాలు ఎండలో రాయిని తిప్పుతూ ఆరు వైపులా చూడండి. కంసాలి దగ్గర ఉండే 10 రెట్ల లూప్ (చిన్న భూతద్దం) చాలు.

వెతకాల్సింది నల్లటి పెంకు. గాలిని నెట్టుకుంటూ వచ్చేటప్పటి వేడికి పైపొర కరిగి గడ్డకడితే ఏర్పడేది ఇదే. రాతి ఉల్కల మీద సాధారణంగా మిల్లీమీటరు కంటే పలచగా, మెరుపు లేకుండా ఉంటుంది. సన్నటి పగుళ్ళు ఉండవచ్చు. పెంకు ఊడిన చోట లోపలి రాయి బూడిదరంగులో తేడాగా కనిపించాలి. రాయంతా లోపలా బయటా ఒకే నలుపైతే అనుమానించాలి. పాతబడితే పెంకు గోధుమరంగుకు తిరుగుతుంది. కొన్ని ఉల్కల ఉపరితలం మీద బంకమన్నును బొటనవేలితో నొక్కినట్టు లోతు తక్కువ గుంటలు ఉంటాయి. అవి పైకి తెరుచుకున్న నున్నటి పల్లాలు. రాయి లోపలికి చొచ్చుకుపోయే రంధ్రాలు, బుడగలు అలా ఉండవు. రంధ్రాలుంటే చిట్టెం అనే లెక్క.

గీత పరీక్ష

గ్లేజు లేని టైల్ వెనకభాగం గాని, పింగాణీ కప్పు అడుగున గరుకుగా ఉండే అంచు గాని తీసుకోండి. పెంకు లేని మూల దొరికితే అక్కడ, లేదంటే కనబడని ఒక అంచుతో గట్టిగా ఒక్క గీత గీయండి. పెన్సిల్ రాసినట్టు మెల్లగా గీస్తే ఏమీ తెలియదు.

ఎర్రటి గోధుమ గీత వస్తే హెమటైట్ అనే ఇనుపధాతువు. చిక్కటి నలుపు గాని ముదురు గోధుమ గాని వస్తే మాంగనీసు లేదా అయస్కాంతానికి అతుక్కునే మాగ్నటైట్ ఇనుపధాతువు. ఉల్క అయితే గీత పడదు, లేదా లేత బూడిదరంగు మరక మాత్రం వస్తుంది. బాగా తుప్పుపట్టిన ఉల్క కూడా గోధుమ గీత ఇవ్వగలదు కాబట్టి తుప్పు లేని చోటే గీయాలి. వ్రెడెన్‌బర్గైట్‌ను ఇంట్లో త్వరగా పట్టించే పరీక్ష ఇదే. అందుకే మన జిల్లాల్లో దీన్ని అయస్కాంతానికంటే ముందు పెట్టాలి.

అయస్కాంతం, జాగ్రత్తగా

హార్డ్‌డిస్క్‌లోంచో హెడ్‌ఫోన్లలోంచో తీసిన వెండిరంగు నియోడిమియం అయస్కాంతం వాడకండి. ఉల్కల్లో కొన్ని వందల కోట్ల ఏళ్ళనాటి అయస్కాంత క్షేత్రపు ముద్ర దాగి ఉంటుంది. బలమైన అయస్కాంతం తాకిన క్షణంలో అది చెరిగిపోతుంది. అంగారకుడి నుంచి వచ్చిన "బ్లాక్ బ్యూటీ" ఉల్క ముక్కల్లో ఇలాగే చేతి అయస్కాంతాల వల్ల ఆ ముద్ర పోయిందని 2023లో ప్రచురితమైన అధ్యయనం చూపించింది. చెరిగాక తిరిగి రాబట్టే దారి లేదు.

దానికి బదులు చిన్న దిక్సూచి వాడండి. బల్ల మీద పెట్టి ముల్లు నిలిచాక, రాయిని పక్కనుంచి మెల్లగా దగ్గరకు తెచ్చి తిప్పండి. ముల్లు కదిలితే రాయిలో అయస్కాంత పదార్థం ఉంది. ఫోన్ దూరంగా ఉంచండి, దాని స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది. భీమిలి, కళింగపట్నం, భావనపాడు లాంటి తీరాల్లో దొరికిన రాయైతే ముందు మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. అక్కడి నల్ల ఇసుకలోని ఇల్మెనైట్, మాగ్నటైట్ రేణువులు అంటుకుని ఉంటే ముల్లు వాటికే కదులుతుంది.

ముల్లు కదలకపోతే ఉల్క కాదని తీర్మానించేయకండి. 1996లో రాజస్థాన్‌లో పడిన పిప్లియా కలాన్ లాంటి యూక్రైట్ జాతి ఉల్కల్లో లోహం లేనట్టే. వాటి పెంకు నల్లగా నిగనిగలాడుతుంది. కానీ అలాంటివి అరుదు. పెంకు స్పష్టంగా ఉంటేనే ఆ దారిలో ముందుకెళ్ళండి.

సాంద్రత

ఓపికగా చేస్తే ఇంట్లో దొరికే అంకెల్లో నమ్మదగినది ఇదే. కొత్తగా పడిన రాయికి మాత్రం నీళ్ళు తగలకూడదు. దానికి కింద చెప్పిన చోళ్ళ (రాగుల) పద్ధతి వాడండి.

1. ఎలక్ట్రానిక్ కాటా మీద పొడి రాయి తూచండి. ఉదాహరణకు 214 గ్రాములు.
2. రాయి మునిగేంత నీళ్ళున్న గిన్నె కాటా మీద పెట్టి, అంకె సున్నా చేయండి.
3. రాయికి సన్నటి నైలాన్ దారం కట్టి, చేత్తో పట్టుకుని, పూర్తిగా మునిగేలా దించండి. అడుగు, అంచు తగలకూడదు.
4. ఇప్పుడు కాటా చూపే అంకె రాయి తోసిన నీటి బరువు. 62 గ్రాములు అనుకుందాం.
5. 214ను 62తో భాగిస్తే 3.45.

రాతి ఉల్కల్లో ఎక్కువగా దొరికే రకాలకు 3.2 నుంచి 3.7 దాకా వస్తుంది. ఇనుప ఉల్కలకు 7.5 నుంచి 8. గ్రానైట్ 2.65 దగ్గర, మాంగనీసు ధాతువు 4 నుంచి 4.8, మాగ్నటైట్, హెమటైట్ 5 పైన, ఉక్కు 7.8. చిట్టెం మాత్రం కొన్నిసార్లు ఉల్కల అంకెల్లోకే వస్తుంది, ముదురు చార్నోకైట్ కూడా వాటికి దగ్గరగా వెళ్ళవచ్చు. అందుకే 3.45 వస్తే "కావచ్చు" అనే అర్థం, అంతకుమించి కాదు. 4.6 వస్తే మాత్రం మన జిల్లాల్లో దాదాపు ఖాయంగా మాంగనీసే.

లెక్క తప్పేది సాధారణంగా మూడు చోట్ల. రాయి అడుగు తగిలితే కాటా రాయి బరువు కూడా చూపించి, సాంద్రత పడిపోతుంది. గుంటల్లో గాలిబుడగలు నిలిస్తే ఘనపరిమాణం పెరిగినట్టు కనిపిస్తుంది. నీళ్ళలోనే రాయిని రెండుసార్లు ఊపితే అవి పోతాయి. ఇక చిన్న రాయికి ఒక గ్రాము కాటా అసలు చాలదు. 20 గ్రాముల రాయి తోసేది 6 గ్రాముల నీరే. అందులో అర గ్రాము అటూ ఇటూ అయితే జవాబు 3.1 నుంచి 3.6 దాకా ఊగుతుంది. కంసాలి దగ్గరి కాటా మీద చేయించుకోండి.

చోళ్ళ పద్ధతి: నీళ్ళకు బదులు శుభ్రం చేసిన పొడి చోళ్ళు వాడతాం. ఆవాలు వద్దు, నూనె అంటుతుంది. గాజు గ్లాసులో నిండా ఎంత నీరు పడుతుందో ముందు తూచండి, 500 గ్రాములంటే 500 మిల్లీలీటర్లు. గ్లాసు బాగా ఆరబెట్టి, చోళ్ళు పోసి, తట్టకుండా, స్కేలు అంచుతో పైన సమం చేసి తూచండి. 390 గ్రాములనుకుందాం. సగం తీసేసి, ఫాయిల్‌లో బిగుతుగా చుట్టిన రాయిని పెట్టి, మళ్ళీ చోళ్ళు పోసి సమం చేయండి. మిగిలిపోయిన చోళ్ళు 47 గ్రాములైతే, 500ను 47తో గుణించి 390తో భాగించాలి. రాయి ఘనపరిమాణం 60 మిల్లీలీటర్లు. రాయి బరువును దానితో భాగిస్తే సాంద్రత. మూడుసార్లు చేసి సగటు తీయండి. గ్లాసును ఒకసారి తట్టి, ఒకసారి తట్టకుండా చేస్తే చోళ్ళు వేరువేరుగా సర్దుకుని లెక్క చెడుతుంది. ప్రయోగశాలల్లో సన్నటి గాజుపూసలతో చేసేది కూడా ఈ పనే.

కిటికీ తెరవడం

ఇప్పటిదాకా ఏ పరీక్షా "కాదు" అనకపోతేనే ఈ పని. పడటం చూసిన రాయి అయితే ఇది కూడా వద్దు, నేరుగా ఫోటోలు పంపండి.

కిటికీ అంటే లోపలి రాయి కనిపించేలా అరగదీసిన చిన్న చోటు. పెంకు తక్కువున్న మూలలో చిటికెనవేలి గోరంత చోటు చాలు. ముందు సన్నటి ఆకురాయి, తర్వాత 400 నంబరు, ఆపైన 800 నంబరు వాటర్ పేపర్, నీళ్ళు లేకుండా. గ్రైండర్ చక్రం వాడకండి. వేడికి లోహం రంగు మారుతుంది, చక్రం దుమ్ము అంటుకుంటుంది. ముక్కుకు మాస్కు పెట్టుకోండి, మాంగనీసు రాయి దుమ్ము పీల్చడం మంచిది కాదు.

లూప్‌తో చూడండి. రాతి ఉల్కలో వెండిరంగు లోహపు పలుకులు, ఆకారం సరిగా లేకుండా, రాయంతా చెదిరి ఉంటాయి. గుండుసూదితో నొక్కితే రాలిపోకుండా గీత పడతాయి. కొన్నిట్లో మిల్లీమీటరుకు అటూ ఇటూగా గుండ్రటి రేణువులు కనిపిస్తాయి. వాటిని కాండ్రూల్స్ అంటారు. భూమి మీది శిలల్లో ఇవి ఏర్పడవు. చిట్టెంలో లోహం గుండ్రటి బొట్లుగా, అక్కడొకటి ఇక్కడొకటిగా, చుట్టూ గాజుతో, బుడగలతో ఉంటుంది. పసుపు మెరుపు కనిపిస్తే బంగారమని ఆశపడకండి, ఏదో సల్ఫైడ్ అయి ఉంటుంది.

నికెల్

ఉల్కల లోహంలో నికెల్ ఉంటుంది, ఇనుప ఉల్కల్లో సాధారణంగా 5 శాతానికి పైనే. మామూలు పాత ఇనుములో ఉండదు. డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో నికెల్‌ను పట్టే డైమిథైల్ గ్లైఆక్సిమ్ ఉంటుంది. లెక్చరర్‌ను అడిగి, వారి సమక్షంలోనే చేయించండి. అమ్మోనియా ఘాటు ఉంటుంది కాబట్టి గది కిటికీలు తెరిచి, చేతికి గ్లౌజులు వేసుకోవాలి.

దూది పుల్లను వెనిగర్‌లో ముంచి, రాయి మీద తెరిచిన కిటికీలో కనిపించే లోహం మీద ఒక నిమిషం రుద్దండి. ఆ దూది మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క, చిటికెడు నిమ్మ ఉప్పు, వాసన తగిలేదాకా అమ్మోనియా చుక్కలు, చివర స్పిరిట్‌లో కరిగించిన 1 శాతం డైమిథైల్ గ్లైఆక్సిమ్ రెండు చుక్కలు. నిలిచి ఉండే గులాబీ ఎరుపు వస్తే నికెల్. పెరాక్సైడ్, నిమ్మ ఉప్పు మానేస్తే ఇనుము కూడా ఎర్రటి రంగు ఇచ్చి మోసం చేస్తుంది. ఈ పొరపాటు వల్లే మామూలు మేకు కూడా ఉల్కగా కనిపిస్తుంది. అందుకే అదే రోజు ఒక ఇనుప మేకు మీద, ల్యాబ్‌లోని నికెల్ లవణం చుక్క మీద కూడా చేసి మూడూ పోల్చండి. కొన్ని స్టెయిన్‌లెస్ స్టీళ్ళలోనూ నికెల్ ఉంటుందని గుర్తుంచుకోండి.

బంగారం క్యారెట్ చూసే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషీన్ ఉన్న దుకాణంలో చూపించవచ్చు. ఆ మెషీన్ బంగారానికి సర్దినది కాబట్టి రాయి మీద అది చూపే శాతాలను అలాగే నమ్మకూడదు. మాంగనీసు ఒక శాతం దాటి, స్పష్టంగా కనిపిస్తే మాత్రం ఆ రాయిని పక్కన పెట్టేయండి.

ఎవరికి చెప్పాలి

మన దేశంలో పడిన ఉల్కలకు సంరక్షక సంస్థ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో, దక్షిణ ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలో. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగం మనకు దగ్గర. పడటం చూసిన రాయి అయితే వెంటనే తహసీల్దారుకు కూడా చెప్పండి.

మధ్యలో ఎవరైనా కోట్ల ధర చెప్పి, "టెస్టింగ్ ఫీజు" అడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి. రైస్ పుల్లింగ్ పేరుతో జరిగే మోసం ఇదే. బియ్యపు గింజల్ని లాగే ఉల్క ఎక్కడా లేదు. రేడియేషన్ ఉంటుందన్న భయం కూడా అక్కర్లేదు, ఉల్కలు మామూలు రాళ్ళకంటే ప్రమాదకరం కావు.

రాయిని పోస్టులో పంపకండి. ముందు ఫోటోలు, వివరాలు పంపి జవాబు కోసం ఆగండి. ఆరు వైపుల ఫోటోలు, స్కేలు పక్కన పెట్టి. కిటికీ తెరిచి ఉంటే దాని దగ్గరి ఫోటో. బరువు, సాంద్రత, అది ఏ పద్ధతిలో వచ్చిందో. గీత రంగు. దిక్సూచి ముల్లు కదిలిందా లేదా. దొరికిన చోటి లొకేషన్, దొరికిన తేదీ, అక్కడికి ఎంత దూరంలో రోడ్డు, రైలు పట్టాలు, ఫ్యాక్టరీ, పాత గని ఉన్నాయో. ఈ చివరి వివరం ఎక్కువమంది రాయరు. కానీ ఫోటోలు చూసే భూగర్భ శాస్త్రవేత్త మొదట అడిగేది అదే.